మూడోసారి అడిగితేనే

ఎనభైల మొదట్లో, మేం ప్లెయిన్స్‌బరో అపార్ట్‌మెంట్లో ఉన్నప్పుడు, నా రక్తం నా మీదే కాలు దువ్వింది. లూపస్ అన్నారు. అప్పటికే రెండు కడుపులు ఐదో నెల దాటకుండా పోయాయి. మూడోదీ దక్కకపోతే ఇంక బతికి ఏం చేస్తానా అనిపించేది.

అందుకని డాక్టరు ప్లాస్మా మార్చడం మొదలుపెట్టాడు. ఒక చేతి నుంచి రక్తం తీసి, మెషీన్లో మజ్జిగలా చిలికి, పైన తేలిన చెడ్డ నీరు పారబోసి, మంచిది కలిపి రెండో చేతికి ఎక్కిస్తారు. వారానికి రెండుసార్లు, మూడేసి గంటలు. చేతులు కదపకూడదు. ముక్కు దురద పెడితే గోక్కునే దిక్కు లేదు, గోకమని అడిగే నోరూ లేదు నాకు.

పక్కన కూర్చునే నర్సు పెద్దావిడ. అలా చిలికేటప్పుడు ఒంట్లో కాల్షియం పడిపోతుందట, అందుకని పెదాలు చిమచిమలాడుతున్నాయా, కాల్షియం ఇవ్వనా అని అడిగేది. ఎవరైనా కాఫీ ఇస్తామంటే రెండుసార్లు వద్దని, మూడోసారికి మొహమాటపడుతూ పుచ్చుకునే వంశం మాది. పాపం ఆవిడకి ఆ సంగతేం తెలుసు? "నో, నో, ఐయామ్ ఫైన్" అన్నాను. సరేనని ఆవిడ చార్టు రాసుకుంది. పెదాల మీద చీమలు పాకుతుంటే, మళ్ళీ అడుగుతుందని మర్యాదగా ఎదురుచూశాను. మహా మర్యాదస్తురాలిని మరి!

ఐదో నెలలో ఒకరోజు అలా ఎదురుచూస్తుండగానే వేళ్లు కొంకర్లు పోయాయి, బీపీ పడిపోయింది. మెషీన్ ఆపేశారు. డాక్టరు వచ్చి పొట్ట మీద బిడ్డ గుండె చప్పుడు వెతికాడు. ఇక్కడ లేదు. అక్కడా లేదు. నా మొద్దు బుర్రకి తగిన శాస్తి అయిందనుకున్నాను. చివరికి బొడ్డు కింద టకటకా వినిపించింది. వెక్కి వెక్కి ఏడ్చాను.

నర్సుకి ఒళ్ళు మండింది. "అసలు నిన్ను ఎన్నిసార్లు అడగాలి?" అంది.

"మూడుసార్లు" అన్నాను. అబద్ధమాడే ఓపిక లేదు.

ఎందుకో ఆవిడ నాచేత చెప్పించుకుంది. తర్వాతి వారం నన్ను అడగడమే మానేసింది. నా పొట్ట వైపు వంగి, "లోపలున్నవాళ్ళకి కాల్షియం కావాలా?" అంది.

"కావాలి. ఇప్పుడే కావాలి" అన్నాను.

నా నోటి నుంచి మాట అంత తొందరగా రావడం నా జన్మలో అదే మొదలు. ఆ లోపలున్నది మూడు నెలల తర్వాత, గట్టిగా నాలుగు పౌన్లు కూడా లేకుండా, బతికి బయటపడింది.