ఎల్బీనగర్ వైపు బండి

మూడు గంటలు అక్కతో గడపాల్సిన దాన్ని, తెలివితేటలన్నీ ఉపయోగించి నలభై నిమిషాలకు కుదించుకున్నాను. అదెలా సాధ్యమని మీరు అడగవచ్చు. హైదరాబాదులో మెట్రో రైలు ఉంది కాబట్టి, అందులో నేను ఎక్కాను కాబట్టి సాధ్యమైంది.

అప్పుడు నాకు ఇరవయ్యేళ్ళు. మాది అమరచింత. వనపర్తిలో డిగ్రీ చదువుతూ, ప్రపంచమంతా వనపర్తి బస్టాండులాగే ఉంటుందని నమ్మే రోజులు. మా పద్మక్క తనకు నచ్చినవాణ్ణి పెళ్ళి చేసుకుని హైదరాబాదు వెళ్ళి రెండేళ్ళయింది. ఆ రోజే నాయిన, "ఆ పేరు ఈ ఇంట్ల తియ్యొద్దు" అన్నాడు. ఎవరూ తీయలేదు. అమ్మ మాత్రం కంచాలు పెట్టేటప్పుడు ఒకటి ఎక్కువ పెట్టి, మళ్ళీ లోపలికి పట్టుకుపోయేది.

అక్కా నేనూ ఒకే దుప్పటి కప్పుకుని పెరిగినవాళ్ళం. రెండేళ్ళుగా దుప్పటంతా నాదే. అయినా నిద్ర పట్టేది కాదు. చివరకు ఒకరోజు, హాల్‌టికెట్ కోసం కాలేజీకి పోతున్నానని ఇంట్లో చెప్పి, డబ్బానిండా పల్లీల పొడి, నాలుగు జొన్నరొట్టెలు సంచిలో దాచుకుని తెల్లవారగానే బస్సెక్కాను.

అక్క ఎర్రగడ్డలో ఒక మందుల దుకాణంలో పనిచేసేది. ఆ రోజు ఆమె డ్యూటీ మధ్యాహ్నం రెండింటికి.

"బస్టాండు కాడికి నేనొస్త. నువ్వు ఆడ్నే ఉండు" అంది ముందురోజు ఫోన్లో.

"నేనేమన్న చిన్నపిల్లనా? మెట్రో ఎక్కి నేనే వస్త. నువ్వు స్టేషన్ మెట్ల కాడ నిలవడు, చాలు" అన్నాను.

ఈ మాట అన్నప్పుడు నేను మెట్రో రైలును దూరంనుంచి కూడా చూసినదాన్ని కాదని గమనించండి.

పదిన్నరకు బస్సు దిగాను. పక్కనే మెట్రో స్టేషన్. అది స్టేషనో, మూడు పెళ్ళిళ్ళు ఒకేసారి జరుగుతున్న మండపమో తెలియలేదు. తమంతట తామే కదిలే మెట్ల దగ్గర ఒక కాలు పైకి, ఒక కాలు కిందకు పెట్టి కాసేపు కష్టపడ్డాను. ఎవరినైనా అడుగుదామని, "ఎర్రగడ్డకు ఎట్ల పోవాలె?" అన్నాను ఒక పెద్దాయనతో. ఆయన నన్ను పైనుంచి కిందిదాకా చూసి, "ఎవరికి బాలేదమ్మా?" అన్నాడు జాలిగా. అక్కడ పిచ్చాసుపత్రి ఉందన్న సంగతి అప్పుడు గుర్తొచ్చి, సిగ్గుతో ఇంకెవరినీ అడగకుండా ఎదురుగా తలుపులు తెరుచుకున్న రైల్లోకి దూరిపోయాను.

రైలు చల్లగా, హాయిగా ఉంది. స్టేషన్ల పేర్లు ఎవరో ఆడమనిషి మూడు భాషల్లో మర్యాదగా చెబుతూనే ఉంది. మలక్‌పేట అంది. దిల్‌సుఖ్‌నగర్ అంది. నేను అక్కకు ఏమేం చెప్పాలో వరుసపెట్టుకుంటూ కూర్చున్నాను. చివరకు రైలు ఆగిపోయింది. అందరూ దిగారు. నేను దిగలేదు.

ఒకామె ఆగి, "ఇదే లాస్టమ్మా, ఎల్బీనగర్. యాడికి పోవాలె?" అంది.

"ఎర్రగడ్డకు."

"అయ్యో, అది అటుదిక్కు. మియాపూర్ బండెక్కాలె నువ్వు."

సరిగ్గా అప్పుడే అక్క ఫోన్.

"యాడున్నవే?"

చిన్నపిల్లను కాదని చెప్పిన నోటితో ఏం చెప్పను? "బస్సు ఇంక షాద్‌నగర్ కాడనే ఉందక్కా. జర లేటయితది" అన్నాను. మియాపూర్ బండెక్కి గబగబా ఎర్రగడ్డ చేరిపోతే ఎవరికీ తెలియదని నా లెక్క. ఆ లెక్కలో అక్క లేదు. ఆమె అవతల ఫోన్ పెట్టేసి, పిల్ల ఒంటరిగా వస్తోంది కదా, తీరిక దొరికింది కదా అని బస్టాండుకు బయల్దేరింది.

ఖైరతాబాద్ స్టేషన్లో నా రైలు ఆగింది. పక్క పట్టాలమీద ఎదురు రైలు కూడా ఆగింది. తలెత్తి చూస్తే, రెండు అద్దాల అవతల, మా అక్క.

చిక్కిపోయింది. జుట్టు కత్తిరించుకుంది. నేను చూడని పచ్చ చున్నీ వేసుకుంది. రెండేళ్ళు నేను కళ్ళు మూసుకుని చూసిన మొహం అది కాదు, అయినా అదే. నేను అద్దంమీద చేత్తో కొట్టాను. ఆమె కూడా కొట్టింది. ఏదో అంటోంది, వినబడదు. రెండు రైళ్ళూ ఒకేసారి కదిలాయి, మమ్మల్ని చూసి పంతం పట్టినట్టు.

నేను తరువాతి స్టేషన్ ఎర్రమంజిల్‌లో దిగి, పరుగెత్తి అవతలి వైపు వెళ్ళి వెనక్కి వచ్చే రైలెక్కాను. అక్క తన తరువాతి స్టేషన్ లక్డీకాపూల్‌లో దిగి, సరిగ్గా అదే పని చేసింది. ఆమెకు ఫోన్ చేస్తే బిజీ. ఎందుకంటే ఆమె నాకు చేస్తోంది. నేను లక్డీకాపూల్‌లో దిగి చూసేసరికి, ఆమె ఎర్రమంజిల్‌లో దిగి నా కోసం వెతుకుతోంది.

ఫోన్ కలిసింది.

"సువర్ణా, నీకు దండం పెడత. ఉన్నకాడ్నే కూసో. కదలకు."

"నువ్వు గుడ కదలకక్కా."

"నేను కదలను తియ్."

ఇద్దరం మాట నిలబెట్టుకున్నాం. ఇరవై నిమిషాలు ఆమె అక్కడ కదలలేదు, నేనిక్కడ కదలలేదు. ఎవరో ఒకరు కదలకపోతే ఎవరూ కలవరన్న చిన్న సంగతి మా ఇద్దరికీ తట్టలేదు. రక్తసంబంధమంటే ఇదే కాబోలు.

మళ్ళీ ఫోన్. "ఇంక రావైతివేందే?"

"నువ్వే కదలొద్దంటివి గద."

అవతల అక్క నవ్వు వినిపించింది. ఆ నవ్వు కోసమే నేను అంతదూరం వచ్చింది.

ఆమే వచ్చింది. రైలు దిగి, వీపుమీద ఒక దెబ్బ వేసి, పట్టుకుని వదల్లేదు. అప్పటికి ఒంటిగంటకు పది నిమిషాలు తక్కువ. దుకాణానికి చేరాలంటే ఆమె ఒంటిన్నరకు రైలెక్కాలి. ప్లాట్‌ఫారం బెంచీమీద కూర్చున్నాం. వరుసపెట్టుకున్న మాటలు ఒక్కటీ గుర్తుకు రాలేదు. డబ్బా మూత తీసి అక్క పల్లీల పొడి చిటికెడు నోట్లో వేసుకుందో లేదో, కాపలా ఉన్నామె వచ్చి, "ఇక్కడ తినొద్దమ్మా" అంది. అక్క మూత పెట్టేసి, ఆ చిటికెడు చాలాసేపు నోట్లోనే ఉంచుకుంది.

"నాయిన దగ్గు తగ్గిందా?"

"తగ్గింది."

"నా పేరు తీస్తడా?"

"తీస్తడక్కా. అప్పుడప్పుడు" అన్నాను. ఆ రోజు నేనాడిన అబద్ధాల్లో కష్టమైనది అదే.

పొద్దుగూకే వేళకు ఇల్లు చేరాను. నాయిన పొలంనుంచి వచ్చి వాకిట్లో కాళ్ళు కడుక్కుంటున్నాడు.

"హాల్‌టికెట్ ఇచ్చిన్రా?"

"ఇంక రాలేదంట నాయినా."

"ఇయ్యాల రెండో శనివారం. కాలేజికి తాళముంటది."

నాయిన చెంబు పక్కన పెట్టాడు. వంటింటి వైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించి అడిగాడు.

"యాదిక్కు ఎక్కినవ్?"

"ఏంది నాయినా?"

"మెట్రో. మియాపూర్ దిక్కా, ఎల్బీనగర్ దిక్కా?"

"ఎల్బీనగర్" అన్నాను, ఏడుపు ఆపుకుంటూ.

"నేను గుడ అట్లనే పోయిన" అన్నాడు నాయిన.

పోయిన నెల విత్తనాలకని చెప్పి, ఊళ్ళో ఎవరినో అడిగి తెలుసుకుని వెళ్ళింది అక్క దుకాణానికేనట. "దుకాణం ఎదురంగ నిలవడి సూసిన. గిరాకి మస్తుండె. మందులిస్తుండె పిల్ల. ఏమని పిలవాల్నో తెల్వక తిరిగొచ్చిన."

తరువాతి నెల ఇద్దరం కలిసి వెళ్ళాం. "నాకు తెలుసు, నా ఎంబడి రా" అన్నాడు నాయిన స్టేషన్లో. నేను నోరు మూసుకుని వెంట నడిచాను. ఎల్బీనగర్‌లో దిగాం.

నాయిన నా చేతిలోంచి ఫోన్ తీసుకున్నాడు. రెండేళ్ళ తరువాత కూతురితో ఆయన అన్న మొదటి మాటలివి:

"పద్మా, బండి తప్పెక్కినం బిడ్డా. నువ్వు ఆడ్నే ఉండు. మేమొస్తం."

అదే ప్లాట్‌ఫారంమీద నిలబడి నేను ఒట్టు పెట్టుకున్నాను: ఇకమీదట నలుగురిని అడగనిదే ఆ నగరంలో ఏ బండీ ఎక్కను. నాయిన వెంట ఉంటే మాత్రం ఆ ఒట్టు చెల్లదు.