కౌంటు తగ్గిన రోజు

న్యుమోనియా ముదిరినందువల్ల నన్ను రాజమండ్రిలోని ఒక ఆసుపత్రిలో ఐసీయూలో చేర్చారు. వెంటిలేటరు తొలగించి మామూలు గదికి మార్చిన తరువాత నేను నా భార్యతో మాట్లాడడం మానివేశాను. కారణం సుస్పష్టం. ఆమె నన్ను అమ్మివేసింది.

ఆ జ్ఞాపకాలు కలగాపులగంగా ఉండి ఉంటే కల అని కొట్టివేసేవాణ్ణి. కాని అవి చక్కని క్రమంలో ఉన్నాయి. నన్ను భీమవరంలోని ఒక ఐసు ఫ్యాక్టరీకి తీసుకుపోయారు. మంచుగడ్డల నడుమ పడుకోబెట్టి చేతులు కట్టారు. నీలం దుస్తుల మనుషులు వచ్చి, నన్ను చూసి, "కౌంటెంత?" అని ఒకరినొకరు అడిగేవారు. మా ప్రాంతంలో ఈ మాటకు అర్థం చెప్పనక్కరలేదు. ఇతరుల కోసం చెబుతాను: కిలోకు ఎన్ని రొయ్యలు తూగుతాయో అది కౌంటు. అది తగ్గితే రొయ్య పెద్దదని, మంచి ధర పలుకుతుందని అర్థం. ఒకనాడు "కౌంటు తగ్గింది" అన్నారు. పక్కనే నిలబడిన నా భార్య సంతోషంగా "అయితే పంపించేయండి" అన్నది.

గదిలోకి మారిన మరునాడు ఆమె మంచం పక్కన నిలబడి అడిగింది.

"ఏవండీ, నామీద ఏంటండి కోపం?"

"ఎంతకు కుదిరింది?" అన్నాను గోడవైపు చూస్తూ.

"ఏంటి ఎంతకు?"

"బేరం."

ఆమె కళ్ళు తుడుచుకుంటూ బయటికి వెళ్ళి, వరండాలో సిస్టరుతో "మా ఆయనకి మతి పోయిందేంటమ్మా?" అనడం నాకు వినిపించింది. నా భయమూ అదే. జీవితమంతా బడిలో ఇతరుల తప్పులు దిద్దిన బుద్ధి ఇక నమ్మదగినది కాదేమో!

"పోలేదండి, చాలామందికి ఇలాంటివి వస్తాయి. అందుకేగా మీచేత రాయించింది," అంటూ సిస్టరు లోపలికి వచ్చి నా చేతిలో ఒక పుస్తకం పెట్టింది. రోగి స్పృహలో లేనప్పుడు ఏ రోజు ఏమి జరిగిందో అతనికి చెబుతున్నట్లుగా నర్సులు, ఇంటివారు డైరీ రాసిపెట్టడం అక్కడి పద్ధతి అట. తేరుకున్నాక చదువుకోవాలి.

"మార్జిను లేదు," అన్నాను.

"మార్జిను తర్వాత కొట్టుకుందురుగాని, ముందు చదవండి మాస్టారూ!"

చదివాను. మొదటి పుట సిస్టరుది. "మాస్టారూ, ఈ రోజు మీకు జ్వరం బాగా ఎక్కువగా ఉంది. చంకల్లో ఐసు ప్యాకులు పెట్టాం. గొట్టాలు లాగేస్తున్నారని చేతులకి మెత్తటి కట్టు కట్టాం. ఏమీ అనుకోకండి."

తరువాతిది నా భార్య దస్తూరి. "ఏవండీ, మీకు తెల్లకణాల కౌంటు తగ్గిందని డాక్టరుగారు చెప్పారు. ఇంపెక్షను తగ్గుతుందట. మళ్ళీ రక్తం ల్యాబుకి పంపాలంటే, పంపించేయండి అన్నాను. మీరు కళ్ళు తెరిచి నన్ను చూసి మొహం తిప్పేసుకున్నారు. ఆయనకి కోపం వచ్చిందమ్మా, ఇంక బాగుపడిపోతారు అని సిస్టరుగారికి చెప్పాను."

'ఫ' రావలసిన చోట 'ప' ఉన్నది. కాబట్టి అది నిస్సందేహంగా ఆమె రాసినదే. పుస్తకం గుండెలపై పెట్టుకుని, దగ్గు వచ్చేదాకా నవ్వాను. నా తర్కంలో దోషం లేదు. దానికి అందిన ఆధారాలలోనే ఉన్నది. బుద్ధి పోలేదు!

నవ్వు విని ఆమె గుమ్మంలోకి వచ్చింది. "ఏమైందండీ?"

"నువ్వు నన్ను రొయ్యల కింద అమ్మేశావనుకున్నాను."

ఆమె మంచం దగ్గరికి వచ్చింది. "మిమ్మల్నా? కొన్నవాడు సాయంత్రానికే తెచ్చి దింపేసి పోడూ! లారీ ఎక్కిన దగ్గర్నుంచీ వాడికి సంధులు చెప్పుంటారు."

సిస్టరు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. నేను జరిగి, నా భార్యకు మంచం మీద చోటిచ్చి, పుస్తకం అందించాను.

"చదువు. తరువాత ఏం జరిగింది?"

ఆమె కళ్ళజోడు సవరించుకుని పేజీ తిప్పింది. "గొట్టం తీసిన పూట మీరు డాక్టరుగారిని లేచి నిలబడమన్నారండి."

"నిలబడ్డారా?"

"ఆయన ముందునుంచీ నిలబడే ఉన్నారండి. మీరు కూర్చోమనేదాకా కదల్లేదు, పాపం."