సీసాలో ఉన్నదానికి పెట్టిన పేరు

ఒక పేరు ఇన్నేళ్లుగా నా గొంతుకి అడ్డం పడి ఉంది. గుళ్లో ఎవరైనా ఏడుకొండలవాడా అన్నా ఉలిక్కిపడతాను. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

తొంభైల్లో నేను విజయవాడలో ఒక కాలేజీలో జువాలజీ లెక్చరర్ని. ప్రాక్టికల్స్‌కి చేపలు హనుమాన్ జంక్షన్‌లో ఏడుకొండలు దగ్గర కొనేవాణ్ని. కొల్లేట్లో వల వేసి తెచ్చి అక్కడ అమ్ముకునేవాడు. "కూర వండుకోని చేపకి ఇంత బేరమేంటండీ" అని నన్ను ఎగతాళి చేసేవాడు.

మా ల్యాబ్ బీరువాలో, కుళ్లకుండా ఫార్మలిన్ పోసిన సీసాలో ఒక చచ్చిన సాలమాండర్ ఉండేది. కప్పలకి బంధువే గాని చూడటానికి బల్లిలా ఉంటుంది. ఇది జన్మంతా నీళ్లు వదలని రకం. మెడకి రెండు పక్కలా ఈకల్లాంటి మొప్పలు, పసిపిల్లల చేతుల్లాంటి చేతులు. ఎప్పుడో విదేశం నుంచి తెప్పించినది. చీటీ ఊడిపోయింది. ఏ జాతో చెప్పగలిగినవాళ్లు రిటైరైపోయారు. మనవైపు నీళ్లలో అలాంటి జీవి లేదు. ఆ సంగతి నాకు బాగా తెలుసు. తెలిసే, కొల్లేట్లో దొరికిందని ఒక సైన్సు పత్రికకి రాశాను. కొత్త జాతి అన్నాను.

ఎందుకు? ప్రమోషన్ కోసమా? కాదనలేను. కానీ ఒక ప్రాణికి లోకంలో మొదటిసారి పేరు పెట్టినవాణ్ని అనిపించుకోవాలన్న ఆశ అంతకన్నా పెద్దది. కొత్త జాతి పేరు నిలబడటానికి ఒక్క కళేబరం చాలు. అది సీసాలో ఉంది. ఇక దాన్ని పట్టిన మనిషి కావాలి. ఏడుకొండలు పేరుకి లాటిన్ తోక తగిలించి దానికి పెట్టాను. పత్రిక చిన్నది. ఎవరూ తవ్వి చూడలేదు.

ఫొటో కోసం అతన్ని పిలిపించి సీసా చేతికిచ్చాను. తిప్పి తిప్పి చూశాడు. "ఇది నా వల్లో పడిందాండీ?" అన్నాడు. పడిందన్నాను. చేపల అడుగున వచ్చింది, నువ్వు చూసుకోలేదన్నాను. నమ్మాడు. "మా ఆవిడే నోటితో అనదండీ నా పేరు. మీరు దీనికి పెట్టేశారా!" అని నవ్వాడు.

పేపర్లో ఫొటో పడింది. ఆ తర్వాత అతను జంక్షన్‌కి రావడం తగ్గింది. ఒకరోజు పటమటలో మా ఇంటికి వచ్చాడు, భార్య మంగమ్మతో. బాగా చిక్కిపోయాడు. ఎంత చెప్పినా గుమ్మం దాటి లోపలికి రాలేదు.

"అది ఉందండీ అక్కడ. వల లాగుతుంటే కింద నించి పట్టుకుంటది. లాక్కోదు. ఊరికే పట్టుకుంటది, చిన్న చేతుల్తో."

"నాచు తగులుకుని ఉంటుందయ్యా."

"నాచుకి వేళ్లుంటాయాండీ?"

మంగమ్మ కొంగు బిగించుకుని అడిగింది. "బతికున్న మనిషి పేరు తీసుకెళ్లి చచ్చినదానికి పెడతారా బాబుగారూ? ఆ పేరు తీసెయ్యండి."

"అచ్చయ్యాక తీసెయ్యడం కుదరదమ్మా."

ఆ రోజు నేను చెప్పిన నిజం అదొక్కటే. జాతి తప్పని తేలినా, ఒకసారి అచ్చులో పెట్టిన పేరు శాస్త్రం పుస్తకాల్లోంచి పోదు. ఇంకో మాట నాలుక చివరిదాకా వచ్చింది. అది నీ వల్లో పడలేదయ్యా, కొల్లేట్లో అలాంటిది లేనే లేదు. ఆ మాట అని ఉంటే అతను నవ్వేవాడా, తిట్టేవాడా, హాయిగా వెళ్లి వల వేసుకునేవాడా? నాకు తెలియదు. మంచినీళ్లిచ్చి పంపేశాను.

వానలు పట్టాక అతని పడవ ఖాళీగా దొరికింది. వల నీళ్లలోకి దిగి ఉంది. లాగితే రాలేదట. కింద నుంచి ఎవరో పట్టుకున్నట్టుందని లాగినవాళ్లే అన్నారు.

పట్టుకున్నది ఏడుకొండలే. వేళ్లు వల కళ్లలో బిగుసుకుపోయి ఉన్నాయి.

కాలు జారి ఉంటుంది. వలలో చిక్కుకుని ఉంటాడు. ఎన్నిసార్లు అనుకున్నానో.

కొన్నాళ్లకి మంగమ్మ కాలేజీకి వచ్చింది. సీసా చూస్తానంది. బీరువా తీశాను. ఆ చేతులకేసి చాలాసేపు చూసింది. తర్వాత గాజుకి వేలు ఆనించి, కాపురం చేసినన్నాళ్లూ నోటితో అనని ఆ పేరు పెట్టి మెల్లగా పిలిచింది. జవాబు కోసం ఆగింది. నేనూ ఆగాను. అందులో ఉన్నదేమిటో అందరికన్నా నాకే తెలుసు కదా, నేనెందుకు ఆగాను?

అప్పుడూ చెప్పలేదు.

ఈమధ్యే పత్రికకి నిజం రాసి పంపాను. సవరణ వేస్తారట. పేరు మాత్రం అలాగే ఉంటుంది. నిన్న మంగమ్మ దగ్గరికి వెళ్లి చెప్పాను. అంతా విన్నది. తిట్టలేదు.

"మరి ఆయన వల పట్టుకున్నదెవరు బాబుగారూ?" అని అడిగింది.

నా దగ్గర ఉన్నది ఈ ఒక్క మాటే. ఆ సీసాలో ఉన్నది కొల్లేటిది కాదు. దాని పేరు నాకు తెలియదు. ఏడుకొండలు అన్నది ఒక మనిషి పేరు.