ఒకే కిటికీ

మెడలో టేపు లేకుండా ఆయన్ని ఎవరూ చూసి ఎరుగరు. భోజనానికి కూర్చున్నా, పెళ్లికి వెళ్లినా మెడలో అదే. అందుకే వీధిలో పిల్లాపెద్దా అందరికీ ఆయన టేపు మావయ్య. మంచి టైలరు. మొండితనంలోనూ అంతే పనివాడు.

ఆయన కుట్టు దుకాణానికి ఉన్నది ఒక్కటే కిటికీ. దాని పక్కన ఎవరి మిషను ఉండాలన్నదే తగాదా.

"దుకాణం పెట్టింది నేను," అంటాడు మావయ్య.

"నల్లబట్ట కుట్టేది నేను. వెలుతురు లేకపోతే కుట్టు కనబడదు బావా," అంటాడు బామ్మర్ది.

మాటా మాటా పెరిగి, ఒకరోజు బామ్మర్ది తన మిషను మరలు విప్పడం మొదలుపెట్టాడు. "ఎవరైనా పెద్దమనిషిని పిలిచి తేల్చు. లేదంటే నా దారి నేను చూసుకుంటా."

మావయ్య హడలిపోయాడు. కత్తెర పట్టుకోవడం దగ్గర్నుంచి తను నేర్పినవాడు. వాడు లేని దుకాణం ఆయన ఊహకే అందదు. కానీ ఆ మాట పైకి అంటే పరువేం కాను? మంచి మధ్యవర్తి కోసం బయల్దేరాడు. మంచి మధ్యవర్తి అంటే, తనవైపు తీర్పు చెప్పేవాడన్నమాట.

సెలూన్ ఆయన్ని తీసుకొచ్చాడు. "ఆయన చొక్కాలన్నీ నువ్వు ఊరికే కుట్టిపెడతావు, ఒప్పుకోను," అన్నాడు బామ్మర్ది. వాడు సైకిల్ షాపు స్నేహితుణ్ణి తెస్తే, "మీరిద్దరూ ఒకే కంచంలో తింటారు, కుదరదు," అన్నాడు మావయ్య. ఆఖరికి ఇద్దరూ పక్కకొట్టు ఇస్త్రీ తాత దగ్గరికి వెళ్లారు.

"నా వల్ల కాదు," అన్నాడు తాత. "ఒక్కటి చెప్పండి. ఎవరు తీర్పు చెబితే అవతలివాడివైపే మొగ్గుతారని మీ భయం?"

"మా ఆవిడ," అన్నాడు మావయ్య తడుముకోకుండా. "తమ్ముడంటే ప్రాణం."

"మా అక్క," అన్నాడు బామ్మర్ది అదే ఊపులో. "బావ గీసిన గీత దాటదు."

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"ఇంకేం, దొరికిందిగా," అని తాత మళ్లీ ఇస్త్రీలో పడ్డాడు.

ఆవిడ దుకాణం వెనక గదిలో ఉంది. ఇద్దరూ కుట్టిన బట్టలకు హుక్కులూ గుండీలూ వేసేది ఆవిడే.

"నేనేం చెప్పినా వింటారా? తర్వాత అలకలు పనికిరావు."

ఇద్దరూ బుద్ధిగా తలలూపారు. ఆవిడ చెరో సూదీ, నల్లదారం చేతికిచ్చింది. "ఇక్కడే కూర్చుని ఎక్కించండి."

గుడ్డి బల్బు కింద మావయ్య దారాన్ని తడిపాడు, మెలిపెట్టాడు, కళ్లు చిట్లించాడు. దారం దూరలేదు. బామ్మర్ది వేలు పొడుచుకున్నాడు.

"అయిందా? కిటికీ నాది," అని ఆవిడ గుండీల డబ్బా చంకన పెట్టుకుని ముందుగదిలోకి నడిచింది.

అవతలివాడివైపు మొగ్గిందని అనడానికి ఇద్దరికీ సందు దొరకలేదు. ఇన్నేళ్లూ ఆవిడ ఆ చీకట్లో కళ్లు పొడుచుకుంటుంటే ఒక్కసారైనా పట్టించుకోలేదని మావయ్యకు నిజంగా సిగ్గేసింది. ఆవిడ కుర్చీ తానే మోసుకొచ్చి కిటికీ పక్కన వేశాడు. బామ్మర్ది తన మిషనుకు మరలు మళ్లీ బిగించాడు.

"అక్కా, మరి మా మిషన్లు ఎక్కడ?"

"దానికి ఇంకో మధ్యవర్తిని చూసుకోండి," అంది ఆవిడ, ఒక్క ఊపులో సూదిలోకి దారం ఎక్కిస్తూ.