ఏ రోజు రాయి ఆ రోజుదే

నా భార్య చివరి ఏడాదిలో ఎక్కువ భాగం అంతరిక్షంలో గడిపింది. ఇలా రాస్తే అలంకారంలా ఉంటుంది గానీ జరిగింది అదే. తెనాలిలో మా ముందు గదిలో, కిటికీ పక్క మంచం మీద, రెండు దిండ్లకు ఆనుకుని, ఒళ్లో ల్యాప్‌టాప్ పెట్టుకుని, ఆమె రోజూ మధ్యాహ్నాలు రాళ్లు తవ్వేది. వేలమంది ఒకేసారి ఆడే ఆన్‌లైన్ ఆట అది. నల్లటి ఆకాశం, అందులో మెల్లగా తిరిగే రాతి గుట్టలు, ఒక గుట్ట పక్కన ఆగి ఉన్న ఆమె ఓడ. ఓడ నుంచి సన్నటి వెలుగు గీత ఒకటి రాయి మీద పడుతుంది. కాసేపటికి ఓడ నిండుతుంది. నిండాక స్థావరానికి వెళ్లి, సరుకు దించి, మళ్లీ రావాలి.

“ఇందులో ఆటేముంది?” అని అడిగాను మొదట్లో.

“ఏమీ లేదు. అందుకే ఆడుతున్నా,” అంది. “మందు ఎక్కించుకొచ్చాక మూడు రోజులు చదవలేను, టీవీ చూడలేను. ఇదైతే చూస్తూ పడుకోవచ్చు. మిల్లులో ధాన్యం ఆరబోసి కూర్చున్నట్టు ఉంటుంది.”

ఆమె పుట్టింటివాళ్లది రేపల్లెలో రైస్ మిల్లు. పెళ్లయ్యాక కూడా వారానికి మూడు రోజులు రేపల్లె రైలెక్కి వెళ్లి మిల్లు ఆఫీసులో కూర్చునేది. నేను కాలేజీ లైబ్రరీలో పనిచేస్తాను. సాయంత్రం ఇద్దరం ఇంటికి చేరేసరికి నా చొక్కాకు పుస్తకాల దుమ్ము, ఆమె చీరకు తవుడు అంటుకుని ఉండేవి. ఆ తవుడు వాసన తియ్యగా ఉంటుందని చాలామందికి తెలియదు.

ఆమె తండ్రి నడిపిన రోజుల నుంచీ ఆ మిల్లులో రెండు పద్ధతులు ఉన్నాయి. రైతు ఇంటి తిండికి ఉంచుకున్న ధాన్యం తెస్తే, ఎంత చిన్న మూటైనా, దాన్ని ఇంకొకరి ధాన్యంతో కలపరు. బస్తాకు పేరు రాసిన అట్టముక్క కడతారు. ఒకరిది పట్టడం అయ్యాక మర ఊడ్చి రెండో వారిది పోస్తారు. ఎవరి చేలో గింజ వాళ్ల కంచంలోకే వెళ్లాలి. రెండోది, అవసరం వచ్చేదాకా ధాన్యాన్ని ధాన్యంగానే ఉంచడం. పొట్టుతో ఉంటే నిలవ ఉంటుంది. బియ్యం చేస్తే పురుగు పడుతుంది.

ఈ రెండు పద్ధతులనూ ఆమె ఆటలోకి తీసుకెళ్లింది. అక్కడ రెండూ తప్పే.

ఆ ఆటలో తవ్విన రాయి రాయిగా దేనికీ పనికిరాదు. శుద్ధి చేసి లోహం తీయాలి. ఒకే రాయి నుంచి ఎంత లోహం వస్తుందనేది ఎక్కడ కరిగించారు, ఎవరు కరిగించారు అన్నదాన్ని బట్టి ఉంటుంది. ఏదో ఒక స్థావరంలో, పని రానివాళ్లు కరిగిస్తే సగానికి సగం పోతుంది. మంచి శుద్ధికేంద్రంలో, ఆ విద్య పూర్తిగా నేర్చినవాళ్లు చేస్తే చాలామటుకు దక్కుతుంది. ఆమె నెలల తరబడి ఆ విద్య నేర్చుకుంది. వాళ్ల గుంపులో, అంటే కలిసి ఆడే పాతికమంది తెలుగువాళ్లలో, ఆమెను మించిన చెయ్యి లేదట. కానీ సొంత రాయిని మాత్రం ఒక్కసారీ కరిగించలేదు. పెట్టెల్లో నింపి గుంపువాళ్ల శుద్ధికేంద్రంలోనే దాచింది.

గుంపుకు పెద్ద బాపట్లలో ఉండే ఒక రిటైరైన సైన్సు మాస్టారు. ఆటలో మాట్లాడుకుంటున్నప్పుడు ఆయన గొంతు మా వంటింటి దాకా వినిపించేది.

“అమ్మాయీ, నీ కొట్టు చూస్తే భయమేస్తందమ్మా. ఆ రాయంతా కరిగించి పారేయవేం?”

“కరిగిస్తే పురుగు పడద్ది మాస్టారూ.”

“అంతరిక్షంలో పురుగేంటమ్మా!”

“మీకు సైన్సు తెలుసు గానీ మిల్లు తెలీదు లెండి.”

ఆయన నవ్వు, వెనక ఇంకెవరివో నవ్వులు. ఆమె మాత్రం నవ్వేది కాదు. అట్టముక్క కట్టిన బస్తాను చూసుకున్నట్టు తెర వైపు చూసుకునేది.

వానలు మొదలవకముందే పోయింది. ఆ తర్వాత నేను ల్యాప్‌టాప్‌ను గుడ్డలో చుట్టి బీరువాలో పెట్టాను. వరి కోతల వేళ ఒక రోజు ఫోన్ వచ్చింది. పేరు చెప్పకముందే గొంతు గుర్తుపట్టాను.

“సార్, బాపట్ల మాస్టార్నండి. ఈ మాట మీకు చెప్పొచ్చో కూడదో అని వారం నుంచి ఆలోచిస్తున్నానండి.”

ఆటలో ఇంకో పెద్ద గుంపు వీళ్ల మీద యుద్ధం ప్రకటించింది. ఆదివారం సాయంత్రం శుద్ధికేంద్రం మీదికి వస్తారు. అది నిలవదు. అందరూ సరుకు ఖాళీ చేసుకున్నారు. ఆమె కొట్టు ఒక్కటే మిగిలింది. ఆమె పేరు మీద వెళ్లినవాళ్లు తప్ప ఎవరూ దాన్ని ముట్టుకోలేరు.

“అంతా మోసుకుపోవచ్చుగా?” అన్నాను.

“మోయలేమండి. కరిగించాలి. కరిగిస్తే గుప్పెడవుద్దండి.”

ఆ సాయంత్రం ల్యాప్‌టాప్ తెరిచాను. ఆట దానంతటదే లోపలికి తీసుకెళ్లింది. కొట్టులో పెట్టెలు వరసగా ఉన్నాయి. ప్రతి పెట్టెకూ ఆమె ఒక్కో పేరు పెట్టింది. ఊరి పేర్లో రాళ్ల పేర్లో అనుకుని చదవడం మొదలుపెట్టాను. ‘గుంటూరు మొదటిసారి.’ ‘వాన.’ ‘పాలు విరిగాయి.’ ‘ఆయనకి రైలు తప్పింది.’ ‘జుట్టు.’ ‘ఊరికే.’ ‘నాన్న కల్లోకొచ్చాడు.’ ఏ రోజు తవ్విన రాయిని ఆ రోజు పేరుతో విడిగా పెట్టుకుంది. నలభైకి పైగా ఉన్నాయి. ఆ రోజుల్లో నేను ఇదే ఇంట్లో ఉన్నాను. పాలు విరిగింది నాకు గుర్తులేదు.

కరిగిస్తే ఇవి పోతాయి. ఆదివారం వరకు ఊరుకున్నా పోతాయి. ఆమె రోజులకు ఆమే పెట్టుకున్న పేర్లు ఇంకెక్కడా రాసిలేవు. డైరీ రాసే మనిషి కాదు. కాగితం మీద ఎక్కించుకుంటే పేర్లు మిగులుతాయి, నిజమే. కానీ పేరు రాసిన అట్టముక్కను ఇంటికి తెచ్చుకుని ధాన్యాన్ని వదిలేసి వచ్చిన రైతును నేను చూడలేదు.

శుక్రవారం సెలవు పెట్టి, కరిగించకుండానే, యుద్ధం చేరని దూరపు స్థావరం ఒకదానికి మోసి చూశాను. ఆమె ఓడలో ఒకసారికి ఒక పెట్టె పడుతుంది. నాకు నడపడం రాదు. నక్షత్రాల మధ్య ఓడ సొరంగంలో జారినట్టు జారుతుంటే, ఎక్కడ ఆపాలో తెలియక స్థావరాన్ని దాటి వెళ్లిపోయేవాడిని. మళ్లీ తిప్పుకుని వచ్చేసరికి టీ చల్లారిపోయేది. కిటికీలోంచి ఎండ మంచం మీదికి వచ్చి, దిండ్ల మీద కాసేపుండి, వెళ్లిపోయింది. చీకటి పడే వేళకు మూడు పెట్టెలు చేరాయి. ఫోన్లో మాస్టారు విని, “ఇలాగైతే మీరు రిటైరయ్యేలోపు అవదండి సార్. రేపు ల్యాప్‌టాప్ తీసుకుని మా ఇంటికి వచ్చేయండి,” అన్నారు.

శనివారం పొద్దున బాపట్ల వెళ్లాను. నిడుబ్రోలు దాటాక రెండు వైపులా కోసిన చేలు, కుప్పలు, మంచు. బ్యాగును ఒళ్లోనే పెట్టుకున్నాను. కింద పెట్టబుద్ధి కాలేదు.

మాస్టారు వరండాలో బల్ల సిద్ధం చేసి ఉంచారు. గొంతును బట్టి భారీ మనిషని ఊహించుకున్నాను. ఆయన సన్నగా, నాకంటే పొట్టిగా ఉన్నారు. ఆయన భార్య కాఫీ తెచ్చిచ్చి, “ఈ వయసులో ఈయనకి రాళ్ల పిచ్చేంటో బాబూ,” అంది. తర్వాత గొంతు తగ్గించి, “అమ్మాయి కోసం ఆదివారం ఆదివారం ప్రార్థన చేసేవాళ్లం,” అంది. కాఫీ బాగుందన్నాను.

మాస్టారు పాఠం మొదలుపెట్టారు.

“ముందు పెట్టెలన్నీ విప్పి ఒకే కుప్ప పోయండి సార్. ఈ రాయంతా ఒకే జాతి. ఆ యంత్రం వందేసి రాళ్ల చొప్పున తీసుకుంటదండి. వందకి ఒకటి తక్కువైనా ముట్టుకోదు. విడివిడిగా వేశామనుకోండి, ప్రతి పెట్టె అడుగునా కాస్త మిగిలిపోద్ది. అదంతా వేస్టు. కలిపితే ఏమీ మిగలదు.”

“ఒక్కో పెట్టెలో మిగులుతుందా?”

“మిగులుద్దండి. పదో, యాభయ్యో. అందుకే కలపమనేది.”

“అయితే కలపనండి.”

ఆయన కళ్లజోడు తీసి నన్ను చూశారు. ముప్పై ఏళ్లు పిల్లలకు లెక్క తప్పితే ఎలా చూశారో అలాగే. “సార్, నేను చెప్పింది అర్థమైనట్టు లేదు. కలపకపోతే నష్టమండి.”

ల్యాప్‌టాప్ ఆయన వైపు తిప్పాను. కొట్టు లోపలికి ఆయన ఎప్పుడూ చూసింది లేదు. బయట నుంచి ఎంత సరుకుందో తెలుసు, అంతే. కళ్లజోడు పెట్టుకుని పేర్లు ఒక్కొక్కటే చదివారు. ‘జుట్టు’ దగ్గర ఆగారు. ‘మాస్టారి పుట్టినరోజు’ అని కూడా ఒకటి ఉంది. అది చదివి కుర్చీ బల్ల దగ్గరికి లాక్కున్నారు.

“సరేనండి. ఏ పెట్టెకాపెట్టె,” అన్నారు చివరికి. “మిగిలిన రాళ్లు కొంచెమేగా. చిన్న డబ్బాల్లో సర్దితే మీ ఓడలో పడతాయి.”

మధ్యాహ్నమంతా అదే పని. ఒక పెట్టె తెరవడం, మీట నొక్కడం. వేల రాళ్లు మాయమై, పక్కన పిడికెడు లోహపు గుర్తులు వచ్చేవి. రాబడి నూటికి ఎంతో కింద చూపించేది. అది చూసి మాస్టారు, “అబ్బ! ఏం చెయ్యండీ ఆవిడది!” అనేవారు. ఆ వెంటనే అడుగున మిగిలింది చూసి, “అయ్యో, ఎనభై ఆరు! ఇంకో పద్నాలుగుంటే…” అని నొచ్చుకునేవారు. నేను ఆ ఎనభై ఆరునూ చిన్న డబ్బాలోకి మార్చి, దానికి పాత పేరే రాసేవాణ్ని. పుస్తకాల అట్టలకు నంబర్లు అంటించే పని ఇన్నేళ్లు చేశాను. చెయ్యి దానంతటదే పోయింది. కొంతసేపటికి వరండా, వీధి, మాస్టారి గొంతు అన్నీ దూరమై, పెద్ద నల్లటి కళ్లంలో కూర్చుని ఎవరి గింజలు వాళ్లకు ఎత్తి పెడుతున్నట్టు అనిపించింది. ఆమె పక్కన ఉందనిపించలేదు. ఆమె చేసిన పని మాత్రం చేతికి తగిలింది.

ఒక పెట్టెలో ఏమీ మిగల్లేదు. సరిగ్గా వందలకు వందలు సరిపోయాయి. దాని పేరు ‘నొప్పి లేదు.’

మాస్టారు సంతోషించారు. “ఇదండీ లెక్కంటే! ఒక్క రాయి వేస్టు లేదు.” నేను ఇంకో డబ్బా తీసి ఆ పేరు రాయడం చూసి ఆగారు. “దానికి డబ్బా ఎందుకండి, లోపల ఏమీ లేందే?”

“అదీ ఒక రోజేగా మాస్టారూ.”

లోహాన్ని గుంపులో కావలసినవాళ్లకు ఇచ్చేయమన్నాను. సాయంత్రానికి ఎవరో పెద్ద ఓడ తెచ్చి పట్టుకుపోయారు. ఆ లోహంతో ఏం కట్టారో నేను అడగలేదు.

డబ్బాలు మోయడం నేనే చేశాను. మాస్టారు పక్కన కూర్చుని ఎక్కడ ఆపాలో చెబుతుంటే, ఒకే ప్రయాణంలో అన్నీ అయిపోయాయి, ఒక్కటి తప్ప. ఓడ నిండింది. ఆ డబ్బాలు ఖాళీవైనా నిండువైనా ఒకే చోటు తింటాయట. కొట్టులో ‘నొప్పి లేదు’ మిగిలిపోయింది.

“దీని కోసం అంత దూరం మళ్లీ రానూ పోనూనా?” అన్నారు మాస్టారు. తెనాలి వెళ్లే రైలుకు అట్టే టైము లేదు. ఆయన గోడ గడియారం చూశారు, నా వైపు చూశారు, లోపలికి తిరిగి, “ఏమేవ్, సారు ఇక్కడే భోంచేస్తారు,” అని కేకేశారు.

నేను ఓడను వెనక్కి తిప్పాను.