అవ్వ వంటింటి పెంకులు

మా అద్దె ఇంటి అవ్వ పోయింది. పలమనేరు సువార్త కూటంలో నేను గొంతు చించుకుని వాక్యం చెబుతుండగా, పాకాల నుంచి ఆ కబురు పట్టుకొచ్చిన మనిషి పందిరి అంచున నిలబడి చెయ్యి ఊపాడు. నేను ఆపలేదు. మరో పావుగంట ఉరిమి, అప్పుడు దిగి విన్నాను.

సహోదరులారా, మీకు నేను ప్రసంగీకుడిగానే తెలుసు. పాకాల స్టేషను వెనక మా నాయన కట్టించిన రెండు పెంకుటిళ్లకు యజమానిని కూడా. ఒకదానిలో పదేళ్లుగా అవ్వ ఒంటరిగా ఉండేది. భర్త లేడు. ఇడ్లీలు పోసి స్టేషను కూలీలకు అమ్ముకుని బతికేది.

ఇల్లు అద్దెకిచ్చినవాడికి ఏటా సున్నం, కంచె, వాకిట్లో మట్టి, వానలకు ముందు పెంకులు దించి పగిలినవి మార్చడం తప్పని ఖర్చులు. వాకిలి ఖర్చు నాకు ఎన్నడూ తగల్లేదు. అవ్వ అంట్లు తోమిన నీళ్లు మోసి కనకాంబరాలు, కరివేపాకు, మునగ పెంచింది. రెండిళ్ల ముందూ తనే ఊడ్చేది. "పక్కింటిది గూడా నీకెందుకు అవ్వా?" అంటే, "కసువుకు గోడ తెలుస్తాదా నాయనా?" అనేది.

నా ప్రసంగం మీద కూడా ఆమెకో మాట ఉండేది. "బాగా సెప్తావు నాయనా, ఇంజనుకు గూడా ఇనపడతాది. రవ్వంత నెమ్మదిగా సెప్తే మనుసులు గూడా ఇంటారు."

యుద్ధం రోజుల్లో రెండో ఇల్లు ఖాళీ అయింది. చూడడానికి వచ్చిన రైల్వే గుమాస్తాకు అవ్వ పెంచిన వాకిలి నచ్చింది. లోపలికి వెళ్లి తల పైకెత్తాడు. "ఆకాశం కనబడతాండాది గదప్పా! పెంకులు ఏస్తేనే వస్తాను," అన్నాడు. గూడ్సు బండ్లన్నీ సైన్యానికే పోతున్నాయి, పెంకులు దొరకవని అందరితో చెప్పాను. వెతికితే దొరికేవి. ధర విని వెనక్కి వచ్చాను. వచ్చి, అవ్వ వంటింటి మీది పెంకులు దింపించి ఆ ఇంటికి వేయించాను.

"పదైదు దినాలు ఓర్చుకో అవ్వా. తాటాకు కప్పిస్తాను."

"తీస్కో నాయనా. పక్కింట్లో దీపం ఎలిగితే నాకూ ధైర్యమే." తనే నిచ్చెన పట్టుకుంది. పైనున్న పనివాడితో, "సూసి దించప్పా! పగిలితే మళ్లా నా కొంపకే వస్తారు," అని నవ్వించింది.

ఆ పదిహేను రోజులు రెండు వానాకాలాలు అయినాయి. ఆమె అడిగింది ఒక్కసారే. "తాటాకు కుళ్లిపోయింది నాయనా."

"ప్రార్థన చేద్దాం అవ్వా," అన్నాను.

"సేద్దాం. వచ్చేటప్పుడు నిచ్చెన గూడా తెచ్చుకో."

ఆ వారమే నేను, ప్రభువు గద్దించిన, విధవరాండ్ర ఇళ్లు దిగమింగే శాస్త్రుల మీద ప్రసంగించాను. బల్ల గుద్దాను. గ్రంథం చేతిలోనే ఉంది, వేలు ఆ వచనం మీదే ఉంది. ఆ మాట నన్నే పిలుస్తోందని నాకు తట్టలేదు. ఇప్పుడు తెరిస్తే నా పేరు రాసినట్టే కనబడుతోంది.

సమాధి దగ్గర గుమాస్తా భార్య చెప్పింది. "వానొస్తే పొయ్యి అంటుకునేది గాదయ్యా. మా ఇంట్లో ఉడకేసుకోమంటే, మీకు పొగ అనేది. ఈ యేడు ఒకటే దగ్గు." వానే ఆమెను తీసుకుపోయిందో, వయసో, దేవునికే తెలుసు. ఆ తెలియకపోవడం వెనక నేను దాక్కోను.

మట్టి వేసిన మరునాడే పెంకులు తెచ్చాను. ఒక్క పూటలో దొరికాయి. పనివాణ్ణి పిలవకుండా నేనే ఎక్కి, మొదటి పెంకు చేతబట్టుకుని కిందికి చూశాను. పొయ్యి మూలకు జరిపి ఉంది. కప్పు లేని చోట, సరిగ్గా వాన పడే మేర నేల తవ్వి, అవ్వ పుదీనా నాటుకుంది. చదరంగా పడిన ఎండలో అది గుబురుగా, ఆకుల మీద తడి ఆరకుండా, పచ్చగా మెరుస్తోంది.