సప్పట్లు మింగని సాఫ్ట్‌వేర్

హన్మకొండల నాకొక చిన్న జిరాక్స్ షాపున్నది. ఆడ వాడి వాడి ముసలిదైన లాప్‌టాప్, విండోస్ తెరుసుకునేటాలకు పొయ్యి మీద ఛాయ్ ఇగిరిపోయేది. కోపమొచ్చి దాన్ని పీకేసి, పైసల్లేకుంట దొరికే లినక్స్ ఎక్కించిన. అప్పటిసంది సక్కగ పనిచేస్తాంది.

ఆ ఏడు బతుకమ్మ దగ్గరికొచ్చినంక మా అత్తమ్మ బాత్రూంల జారి కాలు ఇరగ్గొట్టుకున్నది. దవాఖానల రాడ్డేసిండ్రు. మాది రెండో అంతస్తు, మెట్లెక్కలేదు. రఘునాథపల్లిల మా ఆడిబిడ్డ ఇంట్ల పండబెట్టినం. నొప్పికి ఏడ్వలే గని, బతుకమ్మ మాటొచ్చేసరికి ఏడ్చింది. మా గల్లీల పాట ఎత్తుకునేది ఆమెనే. ఆమె ఒక వరుస పాడితే, మేమందరం తిరుక్కుంట, సప్పట్లు కొట్టుకుంట అందుకుంటం. పక్క గల్లీలల్ల డీజే డబ్బాలొచ్చినయి. మాకు రాలేదంటే అది ఆమె గొంతు పుణ్యమే.

"ఈసారి మీరు గూడ డబ్బా పెడ్తరు," అన్నది. "ఒక్కపారి దానికి అలవాటైతే మల్ల నన్నెవలు పిలుస్తరు పిల్లా?"

"ఫికర్ చెయ్యకు అత్తమ్మా. నువ్వు ఆన్నే పండి పాడు, నేనీడ గల్లీల మోగిపిస్త," అన్న.

ముందు అందరు వాడే వీడియో కాల్ సాఫ్ట్‌వేరే ఫోన్ల పెట్టి చూసినం, పేరు పెద్దది. నలుగురం వాకిట్ల నిలబడి సప్పట్లు కొట్టినం. అత్తమ్మ నడుమల ఆపి గయ్యిమన్నది: "సప్పట్లేవే? చేతులూపుతాండ్రు గని సప్పుడే లేదు. పొద్దుగాల ఎవ్వలు తిన్లేదా ఏంది?"

అరచేతులు ఎర్రగయినయి మాకు! అప్పుడు సమజైంది. ఆ సాఫ్ట్‌వేర్‌కు మాటొక్కటే కావాలె, మిగిలిందంత లొల్లి. కుక్క మొరిగినా మింగుతది, సప్పట్లు కొట్టినా మింగుతది. ఆఫీసు మీటింగుల కోసం చేసినోనికి బతుకమ్మ సంగతేం తెలుసు, వాని తలకాయ! ఆ మింగుడు బంద్ చేసే జాగ ఎంత ఎతికినా దొరకలే.

ఇగ లినక్స్ మీద పడ్డ. గిరాకీ లేనప్పుడల్ల ఒక్కో కాల్ సాఫ్ట్‌వేర్ ఎక్కించుడు, రఘునాథపల్లికి కలుపుడు, జిరాక్స్ మిషన్ ముందు నేనొక్కదాన్నే సప్పట్లు కొట్టుడు. ఆధార్ కార్డు పట్టుకొనొచ్చిన ఒక పెద్దమనిషి గడపలనే ఆగిండు, లోపలికి రావాల్నా వద్దా అని. ఒక సాఫ్ట్‌వేర్ మైకునే గుర్తువట్టలే. ఇంకోటి మంచిగనే ఉన్నది గని ఆడిబిడ్డ ఫోన్ల ఎక్కలే. ఆఖరికి ఒకటి దొరికింది. చూస్తందుకు బీదది, మనిషి బొమ్మ కూడ రాదు, ఒట్టి గొంతే. గని సెట్టింగులల్ల సప్పుడు తగ్గించే గడి ఉన్నది. ఇటు నేను టిక్కు తీసేసిన, అటు ఆడిబిడ్డతోని తీసేయించిన. సప్పట్లు కొట్టిన.

"ఆఁ, ఇనబడ్తాంది!" అని అత్తమ్మ కేకేసింది. నేను కుర్చీలకెళ్లి ఎగిరిన.

ఆ సంబురం ఎంతసేపు? గల్లీలోళ్లతోని పాడి చూస్తే ఇంకో పంచాయితీ. ఆమె గొంతు మాకు జర ఆలస్యంగ వస్తాంది, మా గొంతులు ఆమెకు ఇంకింత ఆలస్యంగ పోతానయి. ఎవ్వరు అందుకుంటలేరని ఆమె ఆగుతది, ఆమె ఆగిందని మేమాగుతం. సెట్టింగులన్ని తిప్పిన. ఆలస్యం తగ్గింది గని పోలే. "డబ్బాకు చెప్పుదామా మరి?" అని మా ఎదురింటామె అననే అన్నది. మైకు తెరిచే ఉన్నది.

నాకైతే ఏడుపొక్కటే తక్వ.

"పిల్లా," అన్నది అత్తమ్మ, "మీరు ముందు పాడుండ్రి, నేనెనుక అందుకుంట. అప్పుడు నాకైతే మీ పాట, సప్పట్లు అన్ని ఒక్కతీరుగ ఇనబడ్తయి గద?"

నిజమే. ఆమె ఎనుక పాడితే ఆమెకు తాళం తప్పదు. స్పీకర్ బంద్ చేసి, ఆలస్యంగొచ్చే ఆమె గొంతు నేనొక్కదాన్నే చెవిల పెట్టుకుంటే మాకు గూడ తప్పదు.

"మరి ఎత్తుకునేదెవలు?"

"నువ్వే. ఇన్నేండ్లు నా పక్కపొంటి తిరిగినవ్, పాటలు రావా?"

పాటలొస్తయి, గొంతే లేవదు. పెండ్లయిన కొత్తల నేను పెదవులు కదిలిచ్చుడు చూసి, "పాడుతానవా, పల్లు నొస్తానయా?" అని ఎక్కిరిచ్చింది ఈమెనే.

బతుకమ్మ మొదలైన మాపటీలి వాకిట్ల పీట మీద లాప్‌టాప్ పెట్టి, ఒక చెవిల ఇయర్‌ఫోన్ పెట్టుకొని నిలబడ్డ. మొదటి వరుస మెల్లగ ఎత్తుకున్న. అందరు అందుకున్నరు. అందరెనుకకెళ్లి నా చెవిల అత్తమ్మ గొంతు. నాకు మస్తు ధైర్యమొచ్చింది. రెండో వరుస గట్టిగ ఎత్తుకున్న, మూడోది ఇంకింత గట్టిగ.

"ఆగు," అన్నది చెవిల. "అందరి సప్పట్లు ఇనబడ్తానయి, నీయే లేవు."

చూసుకుంటే నా చెయ్యి చెవి మీదనే ఉన్నది. ఆమె గొంతు యాడ జారిపోతదో అని అదిమి పట్టుకున్న. నవ్వాగక ఆమె అన్నమాట అందరికి చెప్పిన.

డబ్బా మాటన్న ఎదురింటామెనే వంగి మైకుల అరిచింది: "పెద్దమ్మా, రేపు గూడ నువ్వుండాలె! నువ్వు లేకుంటే నీ కోడలు సప్పట్లే మరుస్తాంది!"

చెవిల మెల్లగ ముక్కు చీదిన సప్పుడు. ఆ పెద్ద పేరు సాఫ్ట్‌వేరైతే దాన్ని గూడ మింగుతుండె.